కాపీ వేగం పదకొండు దగ్గరే ఎందుకు ఆగుతోంది: ఇంటి నెట్‌వర్క్, రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్ల పంపిణీ

మీ పరిస్థితిని నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో ముందుగా చెప్పుకుంటాను. తిరుచానూరు రోడ్డులోని మీ ఇంట్లో కింద స్టూడియో, మిద్దె పైన ఎడిటింగ్ గది ఉన్నాయి. కింది కంప్యూటర్లో కెమెరా కార్డులు దించుకుని, ఆ పెళ్లి వీడియోలను పై కంప్యూటర్‌కు కాపీ చేసుకుంటున్నారు. ఆ కాపీ సెకనుకు 11 ఎంబీ దాటడం లేదు. ఇంటర్నెట్ ప్లానును 100 నుంచి 300కు మార్చినా అదే 11 వస్తోంది. మోడెం పక్కన ఫోనుతో స్పీడ్ టెస్ట్ చేస్తే 280, వైరు తగిలించిన పై కంప్యూటర్లో చేస్తే 94 కనబడుతున్నాయి. మిద్దె మీద వైఫై అందడం లేదని మీరే ఒక రౌటర్ కొని పైన పెట్టారు, పై కంప్యూటర్ దానికే తగిలించి ఉంది. పై నుంచి కింది కంప్యూటర్ ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి గానీ, కింద నుంచి పై కంప్యూటర్ అసలు కనబడదు. వీటితో పాటు వెనక వీధిలో ఉన్న మీ తమ్ముడి ఇంటికి కూడా వైరు లాగవచ్చా అని అడిగారు.

మీరు 11, 94 అనే రెండు అంకెలను విడిచిపెట్టకుండా రాయడం నాకు చాలా సంతోషం కలిగించింది. ఇరవై ఏళ్లకు పైగా తిరుపతిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ లాడ్జీలకు, ఆడిటర్ల ఆఫీసులకు, ఇళ్లకు నెట్‌వర్క్ వైర్లు వేయిస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు ఎదురైన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం "స్లోగా ఉంది" అనే ఒక్క మాటతో ముగిసేవి. ఆ మాటతో ఏ లోపమూ పట్టుకోలేము. మీరు రాసిన రెండు అంకెలతో మాత్రం లోపం ఎక్కడుందో ఇక్కడ కూర్చునే చాలావరకు చెప్పవచ్చు, ఎందుకంటే నెట్‌వర్క్ వేగాలు ఇష్టం వచ్చిన చోట ఆగవు. కొన్ని నిర్ణీతమైన మెట్ల దగ్గరే ఆగుతాయి, మీది అందులో ఒక మెట్టు.

ఆ లెక్క ఇలా ఉంటుంది. నెట్‌వర్క్ వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైళ్ల పరిమాణాన్ని బైట్లలో చెబుతారు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి సెకనుకు 100 మెగాబిట్ల లింకు అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. అయితే వైరు మీద వెళ్లేదంతా మీ వీడియో కాదు. ఫైలు చిన్న చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా, వెళుతుంది. ఒక్కో ప్యాకెట్‌లో 1,460 బైట్ల అసలు సరుకు వెళుతుంటే, దానికి చిరునామాలు, సరిచూసే అంకెలు, ప్యాకెట్‌కూ ప్యాకెట్‌కూ నడుమ వదిలే ఖాళీ అన్నీ కలుపుకుని వైరు మీద 1,538 బైట్ల చోటు పడుతుంది. అంటే దాదాపు ఐదు శాతం దారి ఖర్చుకే పోతుంది. 12.5లో ఆ ఐదు శాతం తీసివేస్తే 11.9 మిగులుతుంది. ఇక విండోస్ మెగాబైటును పది లక్షల బైట్లుగా కాక 10,48,576 బైట్లుగా లెక్కిస్తుంది గనుక, తెరపైన అది 11.3గా కనబడుతుంది. మీ 64 జీబీ కార్డును విండోస్ 59.6 అని చూపించడానికి కూడా ఇదే లెక్క కారణం, కార్డులో ఏమీ తగ్గలేదు. స్పీడ్ టెస్ట్ బిట్లలోనే చెబుతుంది కాబట్టి అదే లింకు అక్కడ 94, 95 దగ్గర ఆగుతుంది. ఈ విధంగా మీ 11, మీ 94 ఒకే విషయాన్ని రెండు కొలతల్లో చెబుతున్నాయి: పై కంప్యూటర్‌కు వెళ్లే దారిలో ఎక్కడో ఒకచోట 100 మెగాబిట్ల లింకు ఉంది, అది తన పూర్తి సామర్థ్యంతో పని చేస్తోంది.

లింకు పాడై ఉంటే వేగం 3కు, 7కు, మళ్లీ 5కు ఊగిసలాడేది. మీది కదలకుండా 11 దగ్గర నిలిచిందంటే, ఆ లింకు చిన్నదే గానీ ఆరోగ్యంగా ఉందని అర్థం. అదే గిగాబిట్ లింకు అయితే ఇదే లెక్క ప్రకారం 113 దగ్గర నిలవాలి. మీరు ఒక పెళ్లికి 220 జీబీ వస్తుందని రాశారు. 11.2 చొప్పున అది అటూ ఇటుగా ఐదున్నర గంటలు పడుతుంది. 110 చొప్పున అయితే ముప్పై నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ముహూర్తాల నెలల్లో ఆ తేడా ఎంతటిదో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇంటర్నెట్ ప్లాను మార్చడం వల్ల ఇందులో ఏమీ మారకపోవడానికి కారణం, మీ ఫైళ్లు ఇంటర్నెట్‌లోకి అడుగే పెట్టకపోవడం. కింది కంప్యూటర్ నుంచి పై కంప్యూటర్‌కు వెళ్లే ఫైలు మీ ఇంటి వైర్లలోనే తిరుగుతుంది, ఫైబర్ లైను తీసేసినా ఆ కాపీ ఆగదు. ప్లాను అనేది వీధి గుమ్మం వెడల్పు వంటిది, గదికీ గదికీ నడుమ ఉన్న తలుపు దానివల్ల వెడల్పు కాదు. ఫోనులో 280 వచ్చిందంటే గుమ్మం బాగానే ఉంది. దయచేసి ఇంకా పెద్ద ప్లానుకు డబ్బు పెట్టకండి.

ఇప్పుడు ఆ 100 ఎక్కడుందో వెతకాలి. మూడు చోట్ల ఉండవచ్చు: రౌటర్ పోర్టులో, మోడెం పోర్టులో, లేదా మిద్దె పైకి వెళ్లే వైరులో. మీ విషయంలో నా మొదటి అనుమానం పైన పెట్టిన రౌటర్ మీదే. ఆ పెట్టె మీద 1200 అని పెద్ద అంకె ఉందని రాశారు కదా, అది వైఫైకి సంబంధించిన అంకె. 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు వైఫై బ్యాండ్లలో కాగితం మీద సాధ్యమయ్యే 300ను, 867ను కూడి పైకి సవరించి అలా అచ్చు వేస్తారు. అదే పెట్టె వెనక వైపు చిన్న అక్షరాల్లో పోర్టుల వివరం ఉంటుంది. అక్కడ 10/100 అని ఉంటే ఎంత మంచి వైరు తగిలించినా అది 100 దాటదు. 10/100/1000 అని గాని, గిగాబిట్ అని గాని ఉంటేనే పనికొస్తుంది. 1200 అంకె చూసి కొన్న రౌటర్ వెనక 100 పోర్టులు ఉండడం చాలా సాధారణం. కొనేవారికి ఇది తెలిసేలా పెట్టె ముందు భాగంలోనే అచ్చు వేయకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. ఇంటర్నెట్ కంపెనీలు ఇచ్చే ఫైబర్ మోడెంలలో కూడా ఒక పోర్టు మాత్రమే గిగాబిట్‌గా ఉండి, మిగిలినవి 100 రకం కావడం నేను తరచూ చూశాను, కాబట్టి దాని కింద అతికించిన చీటీని కూడా చదవండి.

రౌటర్ తర్వాత అనుమానించవలసింది వైరును. 100 మెగాబిట్ల లింకుకు కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో నాలుగే చాలు, అవి ఒకటి, రెండు, మూడు, ఆరు స్థానాల్లోని తీగలు, అంటే నారింజ జత, ఆకుపచ్చ జత. 1999లో ప్రమాణంగా వచ్చిన గిగాబిట్ పద్ధతికి మాత్రం నీలం, గోధుమ జతలతో కలిపి ఎనిమిదీ కావాలి. ఆ నీలం, గోధుమ జతల్లో ఒక్క తీగ తెగినా చాలా పరికరాలు ఏ హెచ్చరికా ఇవ్వకుండా నెమ్మదిగా 100కు దిగిపోయి, అంతా బాగున్నట్టే పని చేస్తాయి. కోర్లగుంటలో ఒక ఇంట్లో ఇదే జరిగింది. కంప్యూటర్, రౌటర్, స్విచ్ (ఒక వైరును పలు పరికరాలకు పంచే పెట్టె) అన్నీ గిగాబిట్‌వే, అయినా 11. జాక్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే, పారదర్శకమైన ప్లాస్టిక్ లోపల ఏడు రాగి కొసలు చివరి గోడను తాకి మెరుస్తున్నాయి. ఎనిమిదో స్థానంలోని గోధుమ తీగ మాత్రం బియ్యపుగింజలో సగమంత వెనకే ఆగిపోయి ఉంది. దాని మీద పడవలసిన లోహపు పన్ను ఖాళీ ప్లాస్టిక్‌ను కరుచుకుని ఉంది. ఆ జాక్ కత్తిరించి కొత్తది క్రింప్ చేయగానే, మరేదీ ముట్టకుండానే, కాపీ 112కు చేరింది. మీరూ ముందుగా రెండు కొసల జాక్‌లను అలా వెలుతురులో చూడండి. వైరు తలుపు సందులో నలుగుతోందా, కిటికీ రెక్క కింద పడిందా అన్నది కూడా చూడండి. కొందరు పనివాళ్లు ఒకే కేబుల్‌లోని ఎనిమిది తీగలను నాలుగు నాలుగుగా చీల్చి రెండు కనెక్షన్లు ఇస్తారు. చూడటానికి పొదుపుగా ఉంటుంది గానీ, ఆ కేబుల్ మీద ఇక గిగాబిట్ రాదు.

కొత్త కేబుల్ వేయవలసి వస్తే క్యాట్ 5ఈ అనే రకం అయినా చాలు, 100 మీటర్ల వరకు అది గిగాబిట్‌ను మోస్తుంది. అంతకంటే ముఖ్యమైనది అది పూర్తి రాగి కావడం. బజారులో తక్కువ ధరకు దొరికే కొన్ని చుట్టల్లో అల్యూమినియం తీగకు పైన రాగి పూత ఉంటుంది. బ్లేడుతో తీగను కొద్దిగా గీకితే లోపల తెల్లగా కనబడుతుంది, రాగి అయితే లోపలా ఎర్రగానే ఉంటుంది. ఆ పూత తీగలు గోడల్లో వంగిన చోట విరుగుతాయి, జాక్ దగ్గర కొన్నాళ్లకు పట్టు వదులుతాయి. గోడలో ఒకసారి వేసిన వైరును మళ్లీ తీయడం ఎంత పనో ఆలోచిస్తే, ఇక్కడ మిగిల్చే డబ్బు మిగులు కాదు.

అనుమానాలను తేల్చుకునే వరుస చెబుతాను. పై కంప్యూటర్లో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో ఈథర్నెట్ పేజీలో లింక్ స్పీడ్ అన్న వరుసను చూడండి. అక్కడ 100/100 అని ఉంటే ఆ కంప్యూటర్‌కూ దాని పక్కనే ఉన్న రౌటర్‌కూ నడుమే ఇరుకు ఉంది. 1000/1000 అని ఉంటే ఆ ముక్క బాగున్నట్టే, ఇరుకు దానికి అవతల ఉంది. తర్వాత పై రౌటర్‌ను తప్పించి, కింది నుంచి వచ్చిన వైరును నేరుగా పై కంప్యూటర్‌కు తగిలించి మళ్లీ అదే వరుసను చూడండి. ఇప్పుడు 1000 వస్తే వైరు మంచిది, మోడెం పోర్టు కూడా మంచిది, దోషం రౌటర్‌ది. ఇప్పటికీ 100 వస్తే ఆ వైరును మోడెంలోని వేరే పోర్టులో పెట్టి చూడండి; అప్పటికీ మారకపోతే జాక్‌లను మార్చండి. కింది కంప్యూటర్లో కూడా ఇదే వరుసను చూడటం మరవకండి, ఎందుకంటే దారిలో అన్నిటికంటే ఇరుకైన ముక్కే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది.

రౌటర్‌దే దోషమని తేలితే దాన్ని పారేయనక్కరలేదు. అయిదు పోర్టుల గిగాబిట్ స్విచ్‌లు రెండు కొనండి, ఒక్కొక్కటి సుమారు వెయ్యి, పదిహేను వందల రూపాయల్లో వస్తుంది. ఒకటి కింద పెట్టి, మోడెంలోని గిగాబిట్ పోర్టు నుంచి ఒక వైరు దానికివ్వండి, కింది కంప్యూటర్‌ను దానికే తగిలించండి. రెండోది పైన పెట్టి, కింది స్విచ్ నుంచి వచ్చే వైరును, పై కంప్యూటర్‌ను, పాత రౌటర్‌ను దానికి తగిలించండి. ఇలా చేస్తే రెండు కంప్యూటర్ల నడుమ ఫైలు మోడెం దాకా వెళ్లకుండా స్విచ్ నుంచి స్విచ్‌కే పోతుంది. ఏ పోర్టు వెనక ఏ యంత్రం ఉందో స్విచ్ గుర్తుపెట్టుకుని, ఎవరి సరుకు వారికే అందిస్తుంది. పాత రౌటర్ 100కే పరిమితమైనా, అది ఒక కొమ్మ మీద వేరుగా ఉంటుంది కాబట్టి పైన ఫోన్లకు వైఫై ఇస్తూ కూర్చుంటుంది, మీ కాపీకి అడ్డం రాదు.

అయితే ఆ రౌటర్‌ను ఇప్పుడున్న పద్ధతిలోనే తగిలించకండి, మీ రెండో సమస్య అంతా అక్కడే ఉంది. కింది కంప్యూటర్ చిరునామా 192.168.1తోనూ, పై కంప్యూటర్ చిరునామా 192.168.0తోనూ మొదలవుతోందని మీరు రాశారు. అంటే మీ ఇంట్లో ఒక నెట్‌వర్క్ కాదు, రెండు ఉన్నాయి. మోడెం ఒక ఇంటిని నడుపుతుంటే, దాని లోపల రౌటర్ మరొక ఇల్లు కట్టుకుని తలుపు వేసుకుంది. లోపలి ఇంటివారు బయటికి వెళ్లగలరు, అందుకే పై నుంచి కింది కంప్యూటర్ తెరుచుకుంటోంది. బయటివారికి లోపల ఎవరున్నారో తెలియదు, అందుకే కింద నుంచి పై కంప్యూటర్ కనబడటం లేదు. విండోస్‌లో ఎన్ని మీటలు మార్చినా ఇది తీరదు. రౌటర్ పేజీలో యాక్సెస్ పాయింట్ మోడ్ (వేరే నెట్‌వర్క్ కట్టకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) అనే ఎంపిక ఉంటే దానికి మార్చండి. అది లేకపోతే, రౌటర్ చిరునామాను 192.168.1.2 వంటి, మోడెం ఎవరికీ పంచని ఒక చిరునామాకు మార్చి, యంత్రాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపివేసి, స్విచ్ నుంచి వచ్చే వైరును ఇంటర్నెట్ కోసం ఉండే వాన్ పోర్టులో కాకుండా ఇంటి పరికరాల కోసం ఉండే లాన్ పోర్టుల్లో ఒకదానికి పెట్టండి. ఆ తర్వాత రెండు కంప్యూటర్లూ 192.168.1తోనే మొదలవుతాయి, ఒకదానికొకటి అందుతాయి.

వైఫై గురించి క్లుప్తంగా చెబుతాను, మీ పెద్ద కాపీలు వైరు మీదే జరగాలన్నది నా గట్టి అభిప్రాయం కాబట్టి. వైఫైలో ఒకే గాలిని అందరూ పంచుకుంటారు, ఒక ఛానెల్‌లో ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. రెండు ల్యాప్‌టాప్‌లు రెండూ ఒకే రౌటర్ వైఫై మీద ఉంటే ప్రతి ప్యాకెట్ ఒకసారి రౌటర్‌కు, మరొకసారి రౌటర్ నుంచి రెండోదానికి, ఇలా రెండుసార్లు గాలిలో ప్రయాణించాలి, వేగం సగమవుతుంది. 867 అని చూపించే లింకులో కూడా ఒకే గదిలో సగం చేతికి అందితే బాగా అందినట్టే. నడుమ కాంక్రీటు స్లాబు ఉంటే 5 గిగాహెర్ట్జ్ బాగా బలహీనపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ స్లాబును కొంత మేలుగా దాటుతుంది గానీ, ఒకదానికొకటి తగలని ఛానెళ్లు అందులో 1, 6, 11 మూడే, మీ వీధిలో ఇళ్లన్నీ వాటినే పంచుకుంటాయి. ఫోన్లకు, బిల్లింగుకు వైఫై చాలు.

గిగాబిట్ వచ్చిన తర్వాత మరొక సంగతి మీకు కనబడుతుంది, ముందే చెప్పడం మంచిది. ఇంతవరకు నెట్‌వర్కే అన్నిటికంటే ఇరుకు కాబట్టి డిస్కుల బలహీనతలు బయటపడలేదు. దారి వెడల్పైతే అవి బయటపడతాయి. కార్డు రీడరును యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే ఆ పోర్టే 30, 40 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. నీలం రంగు పోర్టులో పెట్టి చూడండి. తిరిగే హార్డ్ డిస్కు ఖాళీగా ఉన్నప్పుడు పళ్లెం అంచు మీద వేగంగా రాస్తుంది, నిండేకొద్దీ లోపలి వలయాలకు వెళ్లి ఆ వేగం సగానికి దగ్గరగా పడిపోతుంది. కొన్ని డిస్కుల్లో, ముఖ్యంగా పెద్ద పోర్టబుల్ డిస్కుల్లో, వలయాలను పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరిచి రాసే పద్ధతి ఉంటుంది. అవి మొదట కొంతసేపు 100 చూపించి, తర్వాత హఠాత్తుగా 20కి, 15కు దిగుతాయి. దాన్ని చూసి నెట్‌వర్క్ మళ్లీ పాడైందనుకోకండి. అనుమానం వస్తే ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రామును రెండు కంప్యూటర్లలో నడపండి. అది డిస్కులను ముట్టకుండా నెట్‌వర్క్‌ను మాత్రమే కొలుస్తుంది. అందులో 940 మెగాబిట్ల దగ్గర వచ్చి కాపీ మాత్రం 40 ఎంబీ దగ్గర ఉంటే, లోపం డిస్కుది.

చిన్న ఫైళ్ల సంగతి వేరు. 20 జీబీ వీడియో ఒక్కటి 113తో పోతుంది గానీ, ఫోటోలు సరిదిద్దే లైట్‌రూమ్ తయారు చేసుకునే ప్రివ్యూల వంటి చిన్న ఫైళ్లు ఇరవై వేలు పంపితే వేగం 5కు కూడా పడవచ్చు. ప్రతి ఫైలుకూ తెరవడం, అనుమతి చూడటం, రాయడం, మూయడం అనే సంభాషణ విడివిడిగా జరగాలి, యాంటీవైరస్ ప్రతిదాన్నీ ఆపి చూస్తుంది. అటువంటి ఫోల్డరును జిప్ చేసి ఒకే ఫైలుగా పంపండి, లేదా విండోస్‌లోనే ఉన్న రోబోకాపీతో ఒకేసారి ఎనిమిది, పదహారు ఫైళ్లు వెళ్లేలా పంపండి.

ఇక పంచుకునే ఏర్పాటు. రెండు కంప్యూటర్లలోనూ నెట్‌వర్క్‌ను పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కు మార్చండి, పబ్లిక్‌లో విండోస్ తనను తాను దాచుకుంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లోని నెట్‌వర్క్ గుర్తు కింద కంప్యూటర్ పేరు కనబడకపోయినా కంగారు పడకండి, ఆ జాబితాను నేను ఎన్నడూ నమ్మను. చిరునామా పట్టీలో \\192.168.1.20 అని, అంటే అవతలి కంప్యూటర్ చిరునామా ఏదైతే దాన్ని, నేరుగా కొట్టి తెరవండి. ఆ చిరునామా రేపు మారకుండా మోడెం పేజీలో ఆ కంప్యూటర్‌కు దాన్ని కేటాయించి పెట్టండి. పాస్‌వర్డ్ అడిగినప్పుడు చాలామంది రోజూ కొట్టే పిన్ ఇస్తారు, అది చెల్లదు. పిన్ ఆ యంత్రం ముందు కూర్చున్నప్పుడే పని చేస్తుంది, నెట్‌వర్క్ మీద ఖాతా పాస్‌వర్డే కావాలి. పాస్‌వర్డే లేని ఖాతాను విండోస్ నెట్‌వర్క్ మీద లోపలికి రానివ్వదు. ఫైళ్లు పంచే కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ ఖాతా లేని ఒక స్థానిక యూజరును పాస్‌వర్డుతో తయారు చేసి, పెళ్లిళ్ల ఫోల్డరును దానికి మాత్రమే ఇవ్వడం అన్నిటికంటే తేలిక. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్‌లోనూ, సెక్యూరిటీలోనూ, రెండు చోట్లా అనుమతి ఇవ్వాలి. రెండింటిలో ఏది బిగుతుగా ఉంటే అదే చెల్లుతుంది.

ఇంటి కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకునే హోమ్‌గ్రూప్ అనే ఏర్పాటు పెట్టుకోమని చెప్పే పాత వీడియోలు మీకు కనబడతాయి, దాన్ని మైక్రోసాఫ్ట్ 2018లోనే విండోస్ 10 నుంచి తీసేసింది. అంతకంటే ప్రమాదకరమైనవి, నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి అయిన ఎస్ఎంబీ 1ను ఆన్ చేయమని చెప్పేవి. దయచేసి ఆ పని చేయకండి. 2017 మేలో ప్రపంచమంతటా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై, ఆ పాత ఎస్ఎంబీ 1లోని లోపం గుండానే ఒక యంత్రం నుంచి పక్క యంత్రానికి పాకింది. అప్పటి మన చిత్తూరు జిల్లాతో సహా రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని అప్పుడు దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది, వేయించుకోని యంత్రాలే దెబ్బ తిన్నాయి. మీ కొత్త విండోస్ 11 కంప్యూటర్ పాత రౌటర్‌కు తగిలించిన డిస్కును తెరవనంటే, అది కొత్త కంప్యూటర్ మొండితనం కాదు, చాలావరకు పాత పరికరం ఆ పాత భాషే మాట్లాడుతోందని అర్థం. అందులోని ఫైళ్లను కంప్యూటర్‌కు మార్చుకోండి. పంచుకున్న ఫోల్డరును నకలుగా కూడా లెక్కించకండి. ఒక కంప్యూటర్‌కు సోకినది, రాసే అనుమతి ఉన్న ప్రతి షేర్‌నూ తాళం వేస్తుంది. ఎవరి పెళ్లీ రెండోసారి చిత్రీకరించలేము కాబట్టి, డెలివరీ అయ్యేదాకా ఒక ప్రతి వైరు తీసి బీరువాలో పెట్టిన డిస్కు మీద ఉండాలి.

మీ తమ్ముడి ఇంటి విషయంలో నా జవాబు సూటిగా ఉంటుంది: రెండు కట్టడాల నడుమ రాగి వైరు వేయకండి. దూరం నలభై మీటర్లే కాబట్టి వేగానికి ఇబ్బంది లేదు, ఇబ్బంది పిడుగులతో. రెండు ఇళ్లకు ఎర్తింగ్ వేరు వేరు. దగ్గర్లో పిడుగు పడిన క్షణంలో ఆ రెండు ఎర్తుల నడుమ వేల వోల్టుల తేడా ఏర్పడి, వాటిని కలిపే రాగి తీగ మీదుగానే అది దారి వెతుక్కుంటుంది. ఈథర్నెట్ పోర్టుల్లో రక్షణగా ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు అంతటి దెబ్బకు నిలవవు. చంద్రగిరి వైపు ఒక మిల్లులో ఆఫీసు గది నుంచి గోడౌనుకు బయటి గుండా వేసిన కేబుల్ వల్ల, ఒక మే నెల సాయంత్రపు గాలివానలో రెండు కొసల స్విచ్‌లు, ఒక కంప్యూటర్ మదర్‌బోర్డు ఒకేసారి పోయాయి. ఆ కేబుల్ వేయించింది నేనే. ఆ తర్వాత ఎవరికీ ఇంటి బయట రాగి వేయలేదు.

ఫైబర్ వేయండి, అందులో వెలుతురే పోతుంది, కరెంటు పోదు. ఆ దూరానికి ఒక డ్రాప్ ఫైబర్ (ఇంటి దాకా లాగే సన్నని ఫైబర్ కేబుల్), రెండు మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌లోని వెలుతురును ఈథర్నెట్ వైరుకు మార్చే పెట్టెలు) చాలు. ఫైబర్‌లో బలం కోసం ఉక్కు తీగ ఉన్న రకం కాకుండా, లోహం లేని రకం అడగండి. ఉక్కు తీగ ఉన్నదే దొరికితే దాన్ని గోడ బయటే కత్తిరించి కట్టి, ఫైబరును మాత్రమే లోపలికి తీసుకోండి. ఒకే తీగ మీద నడిచే కన్వర్టర్లలో ఒకటి 1310 నానోమీటర్ల వెలుతురుతో పంపి 1550తో అందుకుంటే, రెండోది దానికి ఎదురుగా పని చేయాలి, కాబట్టి ఏ, బీ అని జతగానే తీసుకోండి; రెండూ ఏ రకమే తెచ్చుకుని, ఫైబర్ పాడైందని తిరిగి వచ్చినవారిని చూశాను. ఆ కన్వర్టర్లలో కూడా 10/100 రకం, గిగాబిట్ రకం పక్కపక్కనే అమ్ముతారు, ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది. చీటీ చదవకుండా మొదటి రకం తెచ్చుకుంటే, మీ తమ్ముడి ఇంట్లో కూడా కాపీ సరిగ్గా 11 దగ్గరే ఆగుతుంది.